క్లోమ క్యాన్సర్‌కు మందు ఎంపిక: ఆర్గనాయిడ్ల పాత్ర

శ్రోతలకు నమస్కారం.

జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు ఒదిగి ఉండే క్లోమ గ్రంథికి క్యాన్సర్ సోకితే, అది బయటపడేసరికే చాలామందిలో శస్త్రచికిత్సకు వీలుండే దశ దాటిపోతుంది. ఇక ప్రధానమైన ఆధారం కీమోథెరపీ. జెమ్‌సైటబిన్‌ను నాబ్‌-పాక్లిటాక్సెల్‌తో కలిపి ఇవ్వడం ఒక పద్ధతి. ఫోల్ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కలయిక మరొకటి. ఎవరికి ఏది పనిచేస్తుందో చాలామంది విషయంలో ముందుగా తెలియదు. మందు ఇచ్చి, రెండు మూడు నెలల తరువాత స్కాన్ తీసి చూడవలసిందే. ఈ జబ్బులో అది చిన్న గడువు కాదు.

విత్తే ముందు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటకట్టి మొలక చూసుకునే రైతుకు ఆర్గనాయిడ్ వెనుక ఉన్న ఆలోచన కొత్తగా అనిపించదు. కణితి నుంచి తీసిన చిన్న ముక్కలోని కణాలను విడదీసి, ప్రోటీన్ జెల్‌లో ఉంచి, ఎదుగుదలకు కావలసిన పదార్థాలు అందిస్తే, అవి గాజుపళ్లెంలో చదునుగా పరుచుకోకుండా సూక్ష్మమైన గుండ్రని ముద్దలుగా పెరుగుతాయి. వీటినే ఆర్గనాయిడ్లు అంటారు. ఈ క్యాన్సర్లలో 90 శాతానికి పైగా కనిపించే కేరాస్ జన్యుమార్పుతో సహా, ఆ రోగి కణితి లక్షణాలను అవి చాలావరకు నిలుపుకుంటాయి. కనుక ఏ మందుకు కణాలు చనిపోతున్నాయో రోగి ఒంటిమీద కాకుండా బయటే పరీక్షించవచ్చు.

నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2009లో పేగు మూలకణాలతో ఇటువంటి ముద్దలను పెంచింది. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలకు చెందిన డేవిడ్ టువెసన్ బృందంతో కలిసి 2015లో క్లోమ క్యాన్సర్ ఆర్గనాయిడ్లను లోకానికి చూపింది. 2018లో టువెసన్ బృందం 66 ఆర్గనాయిడ్ల మీద మందులను పరీక్షించినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా స్పందించింది. కొందరు రోగుల చికిత్సా ఫలితం వారి ఆర్గనాయిడ్ చూపినదానితో సరిపోలింది. కొందరు అన్నమాట ముఖ్యం, ఎందుకంటే ఇది ఇంకా ప్రధానంగా పరిశోధన దశలోనే ఉంది. క్లోమ కణితిలో దట్టంగా అల్లుకుని ఉండే పీచు కణజాలం, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు మామూలు ఆర్గనాయిడ్లలో ఉండవు. తీసిన ప్రతి నమూనా పెరగదు, పెరిగినా పరీక్షకు వారాలు పడుతుంది.

ఆ వారాల వ్యవధి రోగికి మిగలాలంటే జబ్బు ముందే తెలియాలి. ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వరకు మన సరిహద్దు ఊళ్లలో పచ్చకామెర్లు అనగానే పసరు మందుకు వెళ్లే అలవాటు ఇంకా ఉండడం నిజంగా బాధాకరం. నడివయసు దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, ఒళ్లంతా దురద, పాలిపోయిన మలం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే క్లోమంలోని కణితి వల్ల పిత్తనాళం మూసుకుపోయిందేమో చూడాలి. ఉద్దానం ప్రాంతంలో నడుమునొప్పి అనగానే కిడ్నీ జబ్బే గుర్తుకు రావడం సహజమే. అయితే కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తపరీక్షలో సరిగ్గా ఉన్నా నొప్పి వీపులోకి పాకుతూ, బరువు తగ్గిపోతుంటే, బరంపురంలో గానీ విశాఖపట్నంలో గానీ పెద్దాసుపత్రి వైద్యుణ్ణి కలిసి, పొట్టకు సి.టి. స్కాన్ అవసరమా అని అడగండి. శస్త్రచికిత్సకు వీలుకాకపోయినా, ఎండోస్కోపీ ద్వారా సూదితో తీసే చిన్న ముక్క నుంచి కూడా ఆర్గనాయిడ్ పెంచవచ్చు.