కాలేజీలో కొట్టిన గంజాయి సెక్యూరిటీ క్లియరెన్స్‌కి అడ్డమా?

(స్క్రీన్ మీద: ఎస్ఎఫ్-86 ఫారం, సెక్షన్ 23)

అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. వర్జీనియాలో ఓ డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం వచ్చింది. టాప్ సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడటానికి ఇచ్చే అనుమతి, కావాలన్నారు. దానికోసం ఇచ్చే ఎస్ఎఫ్-86 అనే బోలెడన్ని పేజీల ఫారం చకచకా నింపుకుంటూ వచ్చి, 23వ సెక్షన్ దగ్గర ఆగిపోయాడు. గత 7 ఏళ్లలో చట్టవిరుద్ధంగా డ్రగ్స్ ఏమైనా వాడావా అని అడుగుతోంది. కాలేజీలో మూడు నాలుగు సార్లు గంజాయి కొట్టాడు. ఇంట్లో తెలియదు. ఇంకేం, టెన్షన్ మొదలు.

తెలిసినవాళ్లని అడిగితే మనవాళ్ల సలహా ఎలా ఉంటుందో తెలుసుగా? "నో అని పెట్టెయ్, ఎవడు చూడొచ్చాడు!"

ఆ సలహాతోనే మునుగుతాడు.

(స్క్రీన్ మీద: 13 అంశాలు, అందులో "హెచ్" వెలుగుతుంది)

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది 13 అంశాల మీద తేలుస్తారు. ఇప్పుడున్న నియమాలు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్నాయి. ఒక్కో అంశానికి ఒక్కో ఇంగ్లీష్ అక్షరం, డ్రగ్స్ సంగతి అందులో "హెచ్". ఎప్పుడు వాడాడు, ఎన్నిసార్లు, ఎలాంటి పరిస్థితుల్లో, మళ్లీ వాడే అవకాశం ఉందా అని చూస్తారు. మానేసి ఎంతకాలమైంది, ఆ బ్యాచ్‌కి దూరమయ్యాడా, ఇకపై ముట్టనని సంతకం పెట్టి రాసిస్తాడా, ఇవన్నీ అతని వైపు తూగుతాయి. 2021 డిసెంబర్లో అప్పటి జాతీయ నిఘా డైరెక్టర్ ఎవ్రిల్ హెయిన్స్ ఇచ్చిన మెమో కూడా ఇదే చెప్పింది: గతంలో గంజాయి వాడటాన్ని లెక్కలోకి తీసుకుంటారు, కానీ అదొక్కటే తీర్పు కాదు.

ఇక "నో" అని పెడితే? అది వేరే అంశం కిందికి వెళ్తుంది. "ఈ", అంటే నడవడిక, నిజాయితీ. టాప్ సీక్రెట్ అంటే మనుషుల్ని పంపి పాత స్నేహితుల్నీ, పొరుగువాళ్లనీ అడిగిస్తారు. రూమ్మేట్ నోట ఒక్క మాట జారినా చాలు. పైగా ఫెడరల్ ఫారంలో తెలిసి అబద్ధం రాయడం నేరం, 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. అదే నిజం రాస్తే, ఆ జవాబుని క్రిమినల్ కేసులో మీకు వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడబోమని ఆ సెక్షన్‌లోనే రాసుంటుంది. చాలామంది అది చదవకుండానే భయపడతారు.

గంజాయి ఒక్కటే కాదండోయ్. పరీక్షల ముందు ఫ్రెండ్ దగ్గర తీసుకుని మింగిన ఆడెరాల్ (ఏకాగ్రత లోపానికి డాక్టర్లు రాసిచ్చే మందు) మాత్ర కూడా ఇందులోకే వస్తుంది. వేరేవాళ్ల ప్రిస్క్రిప్షన్ మందు వాడావా అని అడిగే ప్రశ్న విడిగా ఉంది.

(స్క్రీన్ మీద: గంజాయి అమ్మే షాపు బోర్డు)

"మా కాలిఫోర్నియాలో లీగలే కదా?" రాష్ట్రంలో లీగలే. క్లియరెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, దాని చట్టం వేరు. ఇప్పటికీ వాడుతున్నవాళ్లకి క్లియరెన్స్ ఇవ్వకూడదని 2008లో వచ్చిన బాండ్ సవరణ అనే ఫెడరల్ చట్టం చెబుతోంది. ఫారం మీద సంతకం పెట్టాక వీకెండ్ పార్టీలో ఒక్క దమ్ము లాగినా, కాలేజీ రోజుల నాలుగు సార్లకంటే అదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. క్లియరెన్స్ చేతిలో ఉండగా వాడితే 7 ఏళ్ల గడువు కూడా వర్తించదు, ఎప్పటిదైనా చెప్పాల్సిందే. ఎఫ్‌బీఐలో చేరాలంటే దాని లెక్క మళ్లీ వేరు: దరఖాస్తుకి ముందు ఏడాదిలో గంజాయి ముట్టి ఉండకూడదు.

ఒక్క హెచ్చరిక. ఇదంతా సిటిజన్ల సంగతి. గ్రీన్ కార్డ్, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఈ వీడియో చూసి వీసా ఆఫీసర్ ముందు "ఎప్పుడో ఒకసారి కొట్టానండీ" అనేయకండి. ఇమ్మిగ్రేషన్ చట్టంలో కేసు, శిక్ష లేకపోయినా ఆ ఒప్పుకోలే దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. అక్కడా అబద్ధం ఆడమని కాదు. నోరు విప్పేముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి.