తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట చాలు

హెడ్‌మాస్టర్ గారికి, తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం. ఫైనల్‌కి ముందు క్రీడాస్ఫూర్తి గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఉదయం కబడ్డీ సెమీఫైనల్లో చూసింది చెప్పకపోతే నాకు మనసొప్పదు.

రైడ్‌కి వెళ్లిన అబ్బాయి వెల్లకిలా పడ్డాడు. తల వెనక భాగం నేలకు కొట్టుకుంది. ముఖాన నీళ్లు చల్లి, "ఏం కాలేదు, పో" అన్నారు. బయట రిజర్వు ఆటగాళ్లు కూర్చునే ఉన్నారు! వాడు పక్కవాణ్ణి "స్కోరెంత?" అని అడిగాడు. చెప్పారు. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు.

అదే గుర్తండీ. కంకషన్ అంటారు. దెబ్బకి మెదడు అదురుతుంది. చాలామందికి స్పృహ తప్పదు, రక్తం రాదు, స్కాన్‌లోనూ ఏమీ కనబడకపోవచ్చు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, తడబడుతూ జవాబివ్వడం... ఒక్కటి కనిపించినా ఆట ఆపించి డాక్టరుకి చూపించాలి. కోచ్ గారూ, ఆ అబ్బాయిని ఫైనల్లో దించకండి. అందరి ముందూ అడుగుతున్నాను.

"బాగానే నడుస్తున్నాడుగా" అంటారు. రమణ్ లాంబా కూడా నడిచాడు. మన దేశానికి 4 టెస్టులాడిన క్రికెటర్. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో క్లబ్ మ్యాచ్. ఓవర్లో ఇంకో 3 బంతులేగా అని హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాట్స్‌మన్‌కి బాగా దగ్గరగా, నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. బాగానే ఉన్నానంటూ తనే నడిచి డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాడు. మూడు రోజులకు చనిపోయాడు. తల లోపల రక్తస్రావం. కంకషన్ కంటే చాలా పెద్ద గాయం. కానీ మొదటి నిమిషాల్లో ఏది ఏదో గ్రౌండ్‌లో మనం చెప్పగలమా? చెప్పండి!

తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. డాక్టర్ చూసి ప్రమాదం లేదన్నాక రాత్రంతా మేలుకోబెట్టకండి, నిద్ర మంచిదే. ఒకటి రెండు రోజులు విశ్రాంతి. ముందు బడి, ఆ తర్వాత మెల్లమెల్లగా ఆట. మొదటి దెబ్బ నయం కాకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

గేటు దగ్గర మీ బండ్లు చూశాను. పిల్లల హెల్మెట్లు కనబడలేదు. ఇళ్లకు వెళ్లేటప్పుడు దారిలో షాపు దగ్గర ఆగి, తలకు సరిపోయేది కొనండి. గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది.