ముందు ఆకు పేరు తేల్చండి

(ఉదయగిరిలో మూలికలు సేకరించేవాళ్లు, అంగళ్లవాళ్లు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. దుర్గం కొండ కింద నిలబడి మీకు మూలికల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కొండ మీద ఏ మలుపులో ఏ తీగ పాకుతుందో మీకు తెలిసినంత నాకు తెలియదు. ల్యాబ్‌లో కూర్చుని ఎవరో తెచ్చిన పొడిని కాల్చడం, కరిగించడం, తూచడం, ఇరవై ఏళ్లుగా నా పని ఇదే. కాబట్టి పొడి గురించే మాట్లాడతాను.

మా దగ్గరికి శాంపిల్ ఎలా వస్తుందంటే, ఒక ప్లాస్టిక్ కవర్లో పావుకిలో పచ్చపొడి, పైన పెన్నుతో 'నేల ఉసిరి' అని రాసి ఉంటుంది. "సార్, ఇది మంచిదా చెడ్డదా చెప్పండి, చాలు" అంటారు. కొందరైతే "ఏంది సార్, ఆకు పసరుకి కూడా టెస్టులా?" అని నవ్వుతారు. మంచి చెడ్డల సంగతి తర్వాత. అసలు ఇది నేల ఉసిరేనా? నేల ఉసిరికి అన్నదమ్ములు నలుగురైదుగురున్నారు. వానలు పడ్డాక ఒకే గట్టు మీద పక్కపక్కనే మొలుస్తారు. పచ్చిగా ఉన్నప్పుడు ఆకు చూసి, ఆకు కింద కాయ చూసి మీరు చెప్పేస్తారు. పీకి, ఎండబెట్టి, పొడి కొట్టాక ఇక బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

అప్పుడు మేం చేసేది చిన్నప్పుడు మీరంతా చేసిందే. సిరాచుక్క పడిన కాగితం అంచు నీళ్లలో పెడితే సిరా పాకుతూ రంగులు రంగులుగా విడిపోయేది కదా. అలాగే పొడిని స్పిరిట్‌లో నానబెట్టి, ఆ సారాన్ని తెల్లటి సిలికా పూత ఉన్న రేకు మీద అడుగున సన్నటి గీతలా పెట్టి, ద్రావకంలో నిలబెడతాం. అది పైకి పాకేకొద్దీ పట్టీలుగా విడిపోతుంది. పక్కనే, పూతో కాయతో సహా దాచిపెట్టిన అసలు మొక్క సారం గీత కూడా ఉంటుంది. రెండూ కలిస్తే సరే. కలవకపోతే మిగతా పరీక్షలన్నీ దండగ.

ఈ పేరు దగ్గర పొరపాటు ఎంతదాకా పోతుందో తిప్పతీగ చూపించింది. కోవిడ్ రోజుల్లో మనవాళ్లు పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగారు. 2020 చివర్లో ముంబైలో ఆరుగురికి లివర్ దెబ్బతిందని, వాళ్లంతా తిప్పతీగ వాడినవాళ్లేనని డాక్టర్లు రాశారు. 2021 జులైలో ఆయుష్ శాఖ, వాళ్లు తాగింది అసలు తిప్పతీగో, దాన్ని పోలిన వేరే జాతో తేల్చలేదు కదా అంది. ఆ తర్వాత వేరే ఊళ్ల నుంచి కూడా అలాంటి కేసులు వచ్చాయి కాబట్టి, నిజమైన తిప్పతీగ అందరికీ పడుతుందని నేననను. కానీ వాళ్లు తాగిన తీగ ముక్క ఒక్కటి ఎవరైనా దాచి ఉంటే ఈ వాదనలో సగం తీరిపోయేది.

రెండోది మట్టి. పొడి రెండు గ్రాములు మూసలో వేసి 450 డిగ్రీల కొలిమిలో పెడతాం. బూడిద మిగులుతుంది. దాని మీద యాసిడ్ పోసి మరిగిస్తే మొక్కలోని లవణాలు కరుగుతాయి, ఇసుక కరగదు. వడగట్టి, మళ్లీ కాల్చి తూస్తాం. ఒకసారి ఒక వేరు పొడికి ఇది చేస్తే, మూస అడుగున గాజుకడ్డీతో గీస్తే కరకరలాడింది. తెచ్చినాయన ముఖం చిన్నబోయింది. కల్తీ చేసే మనిషి కాదాయన. వేర్లు కడగకుండా రోడ్డు పక్కన ఎండబోశాడు, అంతే. బరకం పట్టా వేసి ఆరబోస్తే పోయేదానికి ఆ లాటంతా తిరిగొచ్చింది.

సీసం, కాడ్మియం లాంటి లోహాలు నేల నుంచి, నీటి నుంచి వస్తాయి, కంటికి కనపడవు. కిలో పొడిలో సీసం 10 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదని మన ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల పుస్తకం లెక్క.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక చిన్న కంపెనీవాళ్లు చూర్ణం తెచ్చి, లోహాలు మాత్రం చూడమన్నారు. చూశాను, లెక్కలోనే ఉన్నాయి, రాసిచ్చాను. నాలుగు నెలల తర్వాత అంగట్లో ఆ డబ్బా కనపడింది. దాని మీద పెద్దక్షరాలతో 'ల్యాబ్‌లో పరీక్షించినది, ఎలాంటి హాని లేదు'. నేను రాసింది నాలుగు లోహాల గురించి, అదీ ఆ ఒక్క లాటు గురించి. అప్పటినుంచి నా రిపోర్టుల్లో ఏం చూడలేదో కూడా రాస్తున్నాను.

2021 మే నెలను మన జిల్లాలో ఎవరూ మరిచిపోయి ఉండరు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఆకుల మందు ఇస్తున్నారని జనం విరగబడ్డారు. పంపిణీ ఆపి పరీక్షలు చేయించి, మే 31న ప్రభుత్వం మింగే మందుల్లో మూడింటికి అనుమతిచ్చింది. కోవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదని చెబుతూనే ఇచ్చింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. "అవే ఆకులు కదా, అదేం తిరకాసు?" అని నన్ను చాలామంది అడిగారు. నోట్లో పడినదానికి కడుపులో యాసిడ్ ఉంది, ఆ వెనక లివర్ ఉంది. కంటికి ఆ కాపలా లేదు. తేనెలో, ఆకు రసంలో నాలుగు క్రిములుంటే కడుపు సర్దుకుంటుంది, కన్ను సర్దుకోదు. అందుకే కంటిమందులో ఒక్క క్రిమి కూడా ఉండకూడదు, దాన్ని తేల్చాలంటే రోజుల తరబడి పెంచి చూడాలి. మందు మంచిచెడ్డల మీద మీ అభిప్రాయం మీది. ఆ విభజనలో మాత్రం నాకు తిరకాసు కనపడలేదు.

టైమ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎలుకలకు ఒక డోసిచ్చి 14 రోజులు చూసే పరీక్ష ఉంది, 28 రోజులది ఉంది, 90 రోజులది ఉంది, రెండేళ్లది ఉంది. కలబంద సంగతి రెండేళ్లదాంట్లోనే బయటపడింది. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్‌వాళ్లు, ఆకు మొత్తం నుంచి తీసిన, రంగు తీయని సారాన్ని నీళ్లలో కలిపి ఎలుకలకు ఇస్తే పెద్దపేగులో కణుతులు కనపడ్డాయి. అనుమానమంతా ఆకు కోస్తే తొక్క కింద నుంచి కారే పసుపు జిగట మీదే. మా అమ్మమ్మ కలబంద కోసి, గోడకానించి, ఆ జిగటంతా కారిపోయేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు పార్కుల దగ్గర పొద్దున్నే గ్లాసుల్లో పోసేవాళ్లలో ఎంతమంది అలా ఆగుతున్నారు?

ఇక ఈశ్వరి వేరు, గాడిదగడపాకు. పురుగులకని, పాము కాటుకని మన వైపు వాడేవి. వీటి కుటుంబంలో అరిస్టోలోకిక్ యాసిడ్ అనే పదార్థం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు ఈ కుటుంబంలోదే ఇంకొకటి పొరపాటున కలిసింది. వందమందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మింగిన రోజు వాంతి లేదు, విరేచనం లేదు. నెలల తర్వాత బయటపడింది. "మా తాతలు వాడారు, ఏం కాలేదు" అంటారు మీరు. తాతకు కిడ్నీ పోతే ఎందుకు పోయిందో ఆ రోజుల్లో ఎవరు చూశారు? ఈ రెండూ సేకరిస్తుంటే దయచేసి ఆపండి. ఈ ఒక్కచోట నేను బతిమాలతాను. పాము కాటుకైతే నేరుగా ఆసుపత్రికే.

మీరు శాంపిల్ పంపేటప్పుడు పొడితోపాటు పూత, కాయ ఉన్న ఒక కొమ్మ పాత పేపర్లో ఒత్తి పెట్టండి. ఏ కొండ, ఏ నెల, ఏ భాగం, రాసి పంపండి. చీటీకి ఖర్చేమీ లేదు.

టేబుల్ మీద మూడు కవర్లున్నాయి. మొదటి రెండూ తిప్పతీగ జాతులే, ఆకు అడుగున వేలితో రుద్ది చూడండి, ఒకదానికి నూగు తగులుతుంది. మూడోది ఈ పొద్దున బస్టాండు దగ్గర కొన్నాను. అమ్మినామె ఒక పేరు చెప్పింది, పక్కనున్న పెద్దాయన ఇంకో పేరు చెప్పాడు. మీలో ఎవరైనా తేలిస్తే రాసుకుని పోతాను.