ముందు ‘ఎక్కడ?’, తర్వాతే ‘ఏమైంది?’: క్యాంపస్ పోలీస్ డిస్పాచ్ గదిలో నా ట్రైనింగ్

నమస్తే అండీ. కొత్త ఉద్యోగంలో చేరానని ఇంటికి ఫోన్ చేస్తే తెనాలిలో మా పెద్దమ్మ అడిగిన మొదటి మాట, “పోలీసుల్లోనా? తుపాకీ కూడా ఇచ్చారా ఏంటే?” తుపాకీ ఇవ్వలేదు. ఒక హెడ్‌సెట్ ఇచ్చారు, కాలి కింద ఒక పెడల్ పెట్టారు, ఎదురుగా ఆరు స్క్రీన్లు. అమెరికాలో మిడ్‌వెస్ట్ వైపు ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీ ఉంది, దానికి సొంత పోలీస్ డిపార్ట్‌మెంట్ ఉంది, అందులో నేను ట్రైనీ ఎమర్జెన్సీ డిస్పాచర్‌ని, అంటే ఆపదలో వచ్చే ఫోన్లు ఎత్తి, అక్కడికి ఆఫీసర్లని పంపే మనిషిని. తొమ్మిదో వారం నడుస్తోంది. రాత్రి ఏడింటికి వెళ్తే పొద్దున ఏడింటికి ఇంటికి.

ముందే ఒక మాట. ఇందులో నేను చెప్పే కాల్స్‌లో బిల్డింగులు, రోజులు, మనుషుల వివరాలు మార్చేశాను. పేర్లు అసలే చెప్పను.

కాలేజీకి సొంత పోలీసులేంటి అని మనకి అనిపిస్తుంది. ఇక్కడ అది పాత సంగతే. 1894లో యేల్ యూనివర్సిటీకి న్యూ హేవెన్ నగర పోలీసుల నుంచి ఇద్దరిని కేటాయించడంతో మొదలైంది. గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చునే వాచ్‌మన్లు అనుకోకండి. ప్రమాణం చేసిన పోలీసులు, అరెస్టు చేసే అధికారం ఉన్నవాళ్లు. మా దగ్గర రాత్రిపూట నలుగురు ఆఫీసర్లు బయట తిరుగుతుంటారు, డిస్పాచ్ గదిలో మేం ఇద్దరం. నేనూ, మా ట్రైనరూ.

ఆవిడ ఇరవై ఏళ్లకి పైగా ఈ పని చేసింది. నా లైన్‌కే రెండో హెడ్‌సెట్ తగిలించుకుని పక్కనే కూర్చుంటుంది. డ్రైవింగ్ స్కూల్ కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది చూశారా, అలా అన్నమాట. నేను తడబడితే ఆవిడ గొంతు లైన్లోకి వచ్చేస్తుంది. షిఫ్ట్ అయ్యాక ఒక కాగితం చేతికిస్తుంది. రోజువారీ పరిశీలన రిపోర్టు అది, ఒక్కో అంశానికి 1 నుంచి 7 వరకు మార్కులు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్న సంతకానికి కూడా నేను ఇంత భయపడలేదు.

పని ఏంటంటే, ఒక చెవితో కాల్ వినాలి, వింటూనే టైప్ చెయ్యాలి, టైప్ చేస్తూనే పెడల్ నొక్కి రేడియోలో ఆఫీసర్‌కి చెప్పాలి. పేర్లయితే అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాలి. పోలీసులకి దానికో వర్ణమాల ఉంది, ఎ అంటే ఆడమ్, బి అంటే బాయ్, అలా. మన వెంకట్ రేడియోలోకి వెళ్లేసరికి విక్టర్, ఎడ్వర్డ్, నోరా, కింగ్, ఆడమ్, టామ్ అయిపోతాడు. ఒక్క వెంకట్‌కే ఆరుగురు. ఇక వెంకట సత్యనారాయణ అయితే పెళ్లి బస్సు కావాలి.

ఈ ఉద్యోగానికి ధైర్యం కావాలి, గంభీరమైన గొంతు కావాలి అనుకుని చేరాను. కావాల్సింది వేరే. ఎవరు ఏం చెప్తున్నా, ఎంత ఏడుస్తున్నా, నోట్లోంచి మొదట రావాల్సిన మాట ‘ఎక్కడ?’ 911 అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్. కాల్ ఎత్తగానే “911, మీ ఎమర్జెన్సీ అడ్రస్ ఏంటి?” అని అడుగుతాం. ‘ఏమైంది’ అన్నది రెండో ప్రశ్న. ఏమైందో తెలియకపోయినా ఎక్కడో తెలిస్తే మనిషిని పంపొచ్చు. ఎక్కడో తెలియకుండా మిగతాదంతా తెలిసినా పంపలేం.

వినడానికి తేలిగ్గా ఉంది కదా. నాకు మాత్రం చాలా కష్టమైంది, దానికి సగం కారణం పెరిగిన పద్ధతి. మనకి అడ్రస్ అంటే ఏంటి? “రామాలయం దాటాక ఎడమ పక్క సందు, కిళ్లీ కొట్టు ఎదురుగా, పచ్చ గేటు.” పైగా మనం విషయాన్ని మొదట్నుంచీ చెప్తాం. “అంటే ఏమైందంటేనండీ...” అని మొదలుపెడతాం, ఎదుటివాళ్లు ఊ కొడతారు. ఊ కొట్టకపోతే మర్యాద కాదు. నేనూ హెడ్‌సెట్‌లో ఊ కొడుతూ కూర్చున్నాను.

ఐదో వారం. శుక్రవారం రాత్రి ఒంటిగంట దాటింది. సెల్ నుంచి ఒక అమ్మాయి. “మా రూమ్మేట్ లేవట్లేదు” అంటోంది. నేను ఏమైంది అన్నాను. పార్టీకి వెళ్లారట, ఎంత తాగిందో తెలీదట, వాంతి చేసుకుందట. శ్వాస తీసుకుంటోందా అని అడిగాను. తీసుకుంటోంది కానీ గురక లాగా ఉంది అంది. పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నాను. అంతవరకూ బాగానే చేశాననుకున్నాను. ఇంతలో లైన్ కట్ అయింది.

స్క్రీన్ మీద మ్యాప్ ఉంది, మ్యాప్ మీద ఒక గుండ్రటి గీత. ఫోన్ ఆ గీత లోపల ఎక్కడో ఉందని అర్థం. ఆ గీతలో మూడు హాస్టల్ బిల్డింగులు. ఒక్కొక్కటి ఎన్ని అంతస్తులో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ వారమే బట్టీ పట్టించారు.

తిరిగి చేస్తే వాయిస్ మెయిల్. మా ట్రైనర్ చెయ్యి చాచి ఒక బటన్ నొక్కింది. ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్‌ని మళ్లీ అడిగే బటన్ అది, దాన్ని రీబిడ్ అంటాం. గీత కాస్త చిన్నదైంది, రెండు బిల్డింగులు మిగిలాయి. ఇద్దరు ఆఫీసర్లని చెరో బిల్డింగ్‌కి పంపాం. నాలుగు నిమిషాలకి ఆ అమ్మాయే వేరే ఫోన్ నుంచి చేసింది. ఈసారి నా నోట్లోంచి ‘ఎక్కడ’ తప్ప ఇంకో మాట రాలేదు.

ఆ రూమ్మేట్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లారు, తర్వాత కోలుకుంది. నా రిపోర్టులో లొకేషన్ దగ్గర 2 వేశారు. పక్కన మా ట్రైనర్ రాసిన వాక్యం ఒక్కటే: నాలుగు నిమిషాలు.

సెల్ ఫోన్ సంగతి కూడా చెప్పాలి, చాలామందికి దీని గురించి అపోహ ఉంది. ఓలా, ఉబర్‌కి తెలిసినట్టు పోలీసులకీ అన్నీ తెలిసిపోతాయి అనుకుంటారు. మా దగ్గర సెల్ నుంచి 911 కొడితే కాల్ టవర్‌ని బట్టి ముందు ఊరి సెంటర్‌కి వెళ్తుంది. ఇది క్యాంపస్ అని వాళ్లు తేల్చుకున్నాక మాకు మళ్లిస్తారు. క్యాంపస్ ల్యాండ్‌లైన్ అయినా, రోడ్ల పక్కన నీలం లైటు వెలిగే ఎమర్జెన్సీ స్తంభం అయినా నేరుగా మాకే వస్తుంది, ఏ గది, ఏ స్తంభం అన్నది కూడా కనిపిస్తుంది. అందుకే పిల్లలు క్యాంపస్ పోలీసు పది అంకెల నంబర్ ఫోన్లో పెట్టుకోవాలి. మా దగ్గర ఇది ఓరియెంటేషన్‌లో చెప్తారు. ఎవరూ వినరు, నేను కూడా స్టూడెంట్‌గా వినలేదు.

ల్యాండ్‌లైన్ల వెనక ఒక విషాదం ఉంది. 2013లో టెక్సస్‌లో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడ మీద దాడి జరిగింది. ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు గదిలో ఫోన్ నుంచి 911కి నాలుగుసార్లు చేసింది. వెళ్లలేదు. బయటి లైన్ కోసం ముందు ఇంకో 9 నొక్కాలని ఆ పిల్లకి తెలీదు. ఆవిడ చనిపోయింది. ఆ తర్వాత ఆవిడ పేరు మీదే చట్టం చేశారు, 2020 ఫిబ్రవరి నుంచి కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్ సిస్టమ్‌లలో ముందు ఏ అంకె లేకుండా 911 నేరుగా కలవాలి.

నేరుగా కలవడంతో ఇంకో చిక్కు. ఢిల్లీకి ఫోన్ చెయ్యాలంటే 011 కొట్టి, 91 కొట్టి, ఢిల్లీ కోడ్ 11 కొట్టాలి. ముందు 011 మర్చిపోతే ఏం కొట్టినట్టు? 911. ల్యాబుల్లో మన దేశం పిల్లలు కంగారుపడి ఠక్కున పెట్టేస్తారు. దయచేసి పెట్టేయకండి. పొరపాటున కొట్టాను అని చెప్తే ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. పెట్టేస్తే మేం తిరిగి చేస్తాం, ఎత్తకపోతే ఆఫీసర్ తలుపు కొడతాడు.

అలాగే పోపు. స్టూడెంట్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వచ్చే ఫైర్ అలారాల్లో మనవాళ్ల వాటా నాకు వాసన తెలియకుండానే తెలుస్తుంది. ఎండుమిర్చి మాడిన పొగ. అలారం మోగగానే బిల్డింగ్ అంతా మంచులో నిలబడాలి, ఫైర్ ఇంజిన్ రావాలి. మొదటిసారి ఆఫీసర్ రేడియోలో “వంట పొగ, ఏదో మసాలా” అన్నప్పుడు నేను మాత్రం లోపల పప్పుచారు అనుకున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండమ్మా.

ఇప్పుడు నేను మర్చిపోలేని కాల్. రాత్రి రెండున్నర, మన దగ్గర మధ్యాహ్నం ఒంటిగంట. నాన్ ఎమర్జెన్సీ లైన్. ఒక ఆడమనిషి గొంతు, “మై సన్... మై సన్... ఫోన్ నాట్ లిఫ్టింగ్” అంటోంది. ఆ ‘లిఫ్టింగ్’ వినగానే తెలిసిపోయింది. “చెప్పండమ్మా, తెలుగులోనే చెప్పండి” అన్నాను. అవతల ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఏడుపు.

కొడుకు రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. ఆవిడ ముందు 911 కొట్టి చూశారట. ఇండియా నుంచి కొడితే అది అమెరికాకి రాదు. కొడుకు స్నేహితుడెవరో మా నంబర్ వెతికి ఇచ్చాడు. ఇక మొదలుపెట్టారు. వాడికి సీటు ఎలా వచ్చిందో, పొలం తాకట్టు పెట్టి లోన్ ఎలా తీసుకున్నారో, వాడు అసలు ఎలాంటివాడో. ఊ కొట్టాలని నోటిదాకా వచ్చింది. “అమ్మా, ఒక్క నిమిషం. బాబు ఏ బిల్డింగ్‌లో ఉంటాడు?” అన్నాను. ఆవిడకి తెలీదు. మళ్లీ ఏడుపు. “పోనీ ఏదైనా పార్సిల్ పంపారా అమ్మా?” ఆవకాయ పంపారు. కొరియర్ రసీదు బీరువాలో ఉంది. బీరువా తలుపు చప్పుడు వినపడింది. ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. పీజీ విద్యార్థుల క్వార్టర్స్, రూమ్ నంబర్‌తో సహా.

ఆఫీసర్ వెళ్లి తలుపు కొడితే అబ్బాయి నిద్ర కళ్లతో తీశాడు. ఫోన్ కిందపడి డిస్‌ప్లే పోయింది, పరీక్షల వారం, బాగు చేయించుకోలేదు. పెద్దవాడు కాబట్టి అతని సంగతులు మేం చెప్పకూడదు. క్షేమంగా ఉన్నాడు, మీకు చెయ్యమని చెప్పాం అని మాత్రమే అన్నాను. ఆవిడ “చల్లగా ఉండు తల్లీ” అని పెట్టేశారు. కాల్స్ అన్నీ రికార్డ్ అవుతాయి కాబట్టి తెలుగులో మాట్లాడిందంతా ఇంగ్లీషులో రాసిపెట్టమంది మా ట్రైనర్. మామూలుగా దుబాసీ లైన్ కలపాలి, అది రూలు. కానీ ఆవకాయ గురించి చదివి, “రసీదు అడగడం ఎవరు నేర్పారు?” అంది. ఎవరూ నేర్పలేదు, మా అమ్మ కూడా రసీదులు బీరువాలోనే దాస్తుంది.

గదిలో ఎడమ చివర ఒక స్క్రీన్ ఉంది, దాన్ని ఇంకా నన్ను ముట్టుకోనివ్వరు. క్యాంపస్ అంతటికీ ఒకేసారి అలర్ట్ పంపేది అది. మెసేజ్‌లు ముందే రాసిపెట్టి ఉంటాయి, ఖాళీలో స్థలం పేరు నింపాలి అంతే. అది ఎందుకు అంత తొందరగా వెళ్లాలో ట్రైనింగ్ మొదటివారంలోనే చెప్తారు. 2007 ఏప్రిల్ 16, వర్జీనియా టెక్. పొద్దున ఏడుంపావు ప్రాంతంలో హాస్టల్లో ఇద్దరి మీద కాల్పులు. విద్యార్థులకి మొదటి ఈమెయిల్ 9:26కి వెళ్లింది. తర్వాత కొన్ని నిమిషాలకే నోరిస్ హాల్‌లో మళ్లీ కాల్పులు. ఆ రోజు చంపబడినవాళ్లు 32 మంది. 2008లో క్యాంపస్ భద్రత చట్టం సవరించారు. ముప్పు నిజమని తేలిన వెంటనే క్యాంపస్‌కి చెప్పి తీరాలి. ఆ ఖాళీలో కూడా నింపాల్సింది ‘ఎక్కడ’ అన్నదే.

ఇంకొకటి నన్ను పట్టుకుని వదలట్లేదు. ప్రతి కాల్‌కీ నేను ఒక ప్రయారిటీ నంబర్ కొడతాను. 1 అంటే లైట్లు, సైరన్, వేగం. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయి జాహ్నవి కందులని పోలీసు కారు ఢీకొట్టింది, ఆమె చనిపోయింది. ఆ కారు ఒక డ్రగ్ ఓవర్‌డోస్ కాల్‌కి వెళ్తోంది. 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగానికి చేరిందని విచారణలో తేలింది. అందులో డిస్పాచర్ తప్పుందని నేను అనట్లేదు, నడిపింది ఆఫీసర్. కానీ 1 కొట్టిన ప్రతిసారీ ఆ కారు దారిలో ఎవరు రోడ్డు దాటుతుంటారో అని ఒక్క క్షణం వస్తుంది. కొడతాను. కొట్టాలి కూడా.

ఇంత చేసినా, దేశంలో ఉన్న వృత్తులన్నిటినీ వర్గాలుగా విడగొట్టి అమెరికా ప్రభుత్వం వేసే జాబితాలో, 2018లో సవరించిన దాంట్లో, డిస్పాచర్లు ఆఫీసు గుమాస్తాల వర్గంలోనే ఉన్నారు, పోలీసు, ఫైర్ వాళ్ల వర్గంలో కాదు. దీని గురించి మా ట్రైనర్‌ని కదిపితే కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడుతుంది. పోయిన వారం మాత్రం కాఫీ మధ్యలో కాగితం నా వైపు తోసింది. లొకేషన్ దగ్గర 5. రేపు రాత్రి మళ్లీ షిఫ్ట్, ఆవిడ రెండో హెడ్‌సెట్ ఇంకా తియ్యలేదు.