టీవీలో పెట్టగానే ఉల్లి కణం పెరిగిందా?

[తెర: లాప్‌టాప్‌లో ఉల్లిపొర ఫోటో. ఒక కణం మీద స్కేలు ఆనించిన చెయ్యి.]

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో మా వంటింటి బల్ల ఇది. పొద్దున కూరకి తరిగిన ఉల్లిపాయలోంచి పల్చటి పొర ఒలిచి, అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఐపీస్, అంటే కన్ను పెట్టే కటకం, 10 ఎక్స్. ఆబ్జెక్టివ్, అంటే స్లైడ్ వైపు ఉండే కటకం, 10 ఎక్స్. మొత్తం 100 రెట్లు. ఫోన్‌తో ఫోటో తీసి లాప్‌టాప్‌లో తెరిచాం. పీయూసీ చదివే మా మేనకోడలు స్కేలు పెట్టి కొలిచింది. కణం పొడవు 24 మిల్లీమీటర్లు.

"వందతో భాగిస్తే 0.24. వెయ్యితో గుణిస్తే 240 మైక్రోమీటర్లు. అయిపోయింది మావయ్యా!"

అదే ఫోటో టీవీలో పెట్టి కొలవమన్నాను. 72 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే 720 మైక్రోమీటర్లు! వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి కణం మూడింతలైంది.

[తెర: అసలు సైజు = బొమ్మ సైజు ÷ మాగ్నిఫికేషన్ (ఎన్ని రెట్లు పెద్దదైందో)]

సూత్రం సరైనదే. తేడా కొట్టింది ఆ వంద దగ్గర. 100 రెట్లనేది ఐపీస్‌లో కన్ను పెట్టి చూసినప్పటి లెక్క. మధ్యలో ఫోన్ కెమెరా, ఆ తర్వాత తెర దూరాక ఆ అంకె పనికిరాదు. పరీక్ష పేపర్లో బొమ్మ పక్కనే మాగ్నిఫికేషన్ ఇస్తే అక్కడ ఈ టెన్షన్ ఉండదు. అక్కడ మార్కులు పోయేది సెంటీమీటర్ల దగ్గర. నా మాట విని ఏదైనా ముందు మిల్లీమీటర్లలోకి మార్చుకోండి.

మరి మన కణం అసలు పొడవెంత? ఐపీస్ అంచు చూడండి.

[తెర: ఐపీస్ దగ్గరగా. 10 ఎక్స్/18 అని ఉంది.]

ఆ 18 ఫీల్డ్ నంబర్. దాన్ని ఆబ్జెక్టివ్‌తో భాగిస్తే, కనిపించే వృత్తం అడ్డకొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 18 ÷ 10 అంటే 1.8 మిల్లీమీటర్లు. మీ ఐపీస్ మీద నంబర్ లేదా? 4 ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద పారదర్శకమైన స్కేలు పెట్టండి. మాది అవెన్యూ రోడ్డులో కొన్న మామూలు ప్లాస్టిక్ స్కేలే. వృత్తంలో నాలుగున్నర మిల్లీమీటర్లు పట్టాయి, 18 ÷ 4 కూడా అంతేగా! లాబ్‌లో అయితే దీనికి స్టేజ్ మైక్రోమీటర్ వాడతారు. అది ఒక మిల్లీమీటరుని 100 భాగాలు చేసిన గాజు స్లైడ్.

ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి, వృత్తం మధ్యగా కణాల్ని పొడవునా లెక్కపెట్టాం. ఆరు. 1.8 ÷ 6 అంటే 0.3 మిల్లీమీటర్లు, 300 మైక్రోమీటర్లు. ఇది సగటే, ఉల్లి కణాలన్నీ ఒకే పొడవుండవు. మేం కొలిచిన కణం కూడా దాదాపు అంతేనని 40 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో చూసి ఖాయం చేసుకున్నాం. అక్కడ వృత్తం 0.45 మిల్లీమీటర్లు, మా కణం అందులో మూడింట రెండు వంతులు ఆక్రమించింది.

ఇక సూత్రాన్ని తిరగేయండి. 24 ÷ 0.3 అంటే లాప్‌టాప్ మీద 80 రెట్లు. టీవీ మీద 240.

తెర మారినప్పుడల్లా ఇదంతా ఎవరు చేస్తారు? అందుకే లాప్‌టాప్‌లో ఫోటో మీదే 8 మిల్లీమీటర్ల గీత గీసి, "100 మైక్రోమీటర్లు" అని రాశాం. 24లో 8 మూడు సార్లు, కాబట్టి 300.

ఆ ఫోటో నెల్లూరులో ఉన్న మా అమ్మకి వాట్సాప్ చేశాం. వీడియో కాల్‌లో ఆవిడ, మా అక్క ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, బొమ్మని రెండు వేళ్లతో సాగదీసింది. కణం సాగింది. గీతా సాగింది.