లోయ ఏ పక్కన?

సుజాత: అందరికీ నమస్తే. ఈసారి మనతో రవన్న ఉన్నారు. తిరుపతిలో ఇరవై ఏళ్లుగా టాక్సీ నడుపుతున్నారు. అన్నా, మా అమ్మకి లోయ కనిపిస్తే చాలు, చెమటలు పట్టేస్తాయి. ఇప్పుడేమో ఊటీ చూడాలంటోంది.

రవి: తిరుమలకి కార్లో వస్తారామ్మా?

సుజాత: ఏటా వస్తాం. అక్కడ మాత్రం గోవిందా అనుకుంటూ హాయిగా కూర్చుంటుంది.

రవి: దేవుడి మీద భారం సరే, రోడ్డు సంగతీ ఉంది. 1944 నాటి పాత ఘాట్‌లో దిగుతాం, 1974లో వేసిన దాంట్లో ఎక్కుతాం. ఎదురు బండి రాదు. బస్సుకి దారివ్వడానికి అంచుకి జరగాల్సిన పని లేదు. దిగే దారిలో 36 హెయిర్‌పిన్‌లు, అంటే వెనక్కి తిరిగినట్టుండే మలుపులు, ఉన్నా మీ అమ్మగారు లెక్కపెట్టలేదు చూడండి.

సుజాత: అంటే మలుపుల సంఖ్య చూసి బెదరక్కర్లేదా?

రవి: ఎదురు బండ్లు తిరిగే ఇరుకు రోడ్డయితే బెదరాల్సిందే. మైసూరు నుంచి ఊటీకి పోతే తెప్పకాడు దగ్గర దారి చీలుతుంది. మసినగుడి, కల్హట్టి మీదుగా 36 కిలోమీటర్లే. ఫోన్‌లో మ్యాప్ దాన్నే చూపిస్తుంది. అక్కడా 36 హెయిర్‌పిన్‌లే, కానీ నిటారు ఎక్కుడు. గూడలూరు మీదుగా అయితే 67 కిలోమీటర్లు. అమ్మగారు బండిలో ఉంటే నేను గూడలూరే పోతా. గంట ఎక్కువైతే అయింది.

సుజాత: రాత్రి పోతే లోయే కనపడదు కదా అని మా తమ్ముడి సలహా.

రవి: (నవ్వు) రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ దారిలోని బందీపూర్ అడవి గేట్లు మూసేస్తారు. అయినా చీకట్లో ఎదురు లైట్లు కళ్లలో పడితే అంచు కనపడనిది డ్రైవర్‌కి కదా!

సుజాత: లోయ మన పక్కన రాకుండా చూసుకోవచ్చా?

రవి: కొండ చుట్టూ తిరిగే రోడ్డయితే చూసుకోవచ్చు. మనం ఎడమ పక్కన నడుపుతాం. కొండ కూడా ఎడమనే ఉంటే, మనకీ లోయకీ మధ్య ఎదురు బండ్ల వరస ఉంటుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగితే కొండ కుడికొస్తుంది, అంచు మనకొస్తుంది. అందుకని భయస్తులతో అప్రదక్షిణమే మేలు. పాపమేమీ రాదులే!

సుజాత: (నవ్వు) మరి హెయిర్‌పిన్‌ల దారిలో?

రవి: అక్కడ ఈ లెక్క పనిచేయదు. ఒక్కో మలుపుకీ లోయ పక్క మారిపోతుంది. వెనక మధ్య సీట్లో కూర్చోబెట్టండి. ముందు ఎడమ సీటే అన్నిటికన్నా కష్టం. లోయ అటొచ్చినప్పుడు అద్దంలోంచి కిందికి చూస్తే రోడ్డే కనపడదు. పైన హ్యాండిల్ పట్టుకుని, లేని బ్రేకు తొక్కుతుంటారు పాపం.

సుజాత: అమ్మకి వెనక కూర్చుంటే వాంతులన్నా!

రవి: అయితే ముందే కూర్చోబెట్టి, చూపు దూరంగా రోడ్డు మీద పెట్టమనండి. దిగేటప్పుడు మీరు రెండో గేరు వదలొద్దు. కాలిన బ్రేకు వాసన వచ్చిందంటే ఆమె మళ్లీ కారెక్కదు.

సుజాత: ఊటీ నుంచి తిరిగొచ్చేటప్పుడు కూనూరు నుంచి కొండ కింద మేట్టుపాళయం దాకా బొమ్మ రైల్లో దించేస్తే?

రవి: బాగుంటుంది. పట్టాల మధ్య రంపం పళ్లలాంటి పట్టీ ఉంటుంది, దాన్ని పళ్ల చక్రంతో పట్టుకుంటూ నెమ్మదిగా దిగుతుంది. మీరు కారు తీసుకుని కింద స్టేషన్లో ఉండండి. వంతెనలొస్తాయి మాత్రం. కిటికీ సీటు ఇంకెవరికైనా ఇప్పించండి.