అమెరికా మిడిల్ స్కూల్ ఇంగ్లిష్ క్లాసులో పిల్లలు మూడేళ్లపాటు నేర్చుకునేది ఏమిటి?

నమస్కారం. అమెరికాలో ఆరో తరగతిలో చేరిన పిల్లల టైంటేబుల్‌లో ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఆర్ట్స్ అనే సబ్జెక్టు ఉంటుంది. అందరూ దాన్ని పొట్టిగా ఈఎల్ఏ అంటారు. మనం చదువుకున్న ఇంగ్లిష్‌లాగే ఇందులోనూ పాఠాలు, గ్రామరు, వ్యాసం, లేఖ ఉంటాయని చాలామంది తెలుగు తల్లిదండ్రులు అనుకుంటారు. లెక్కల్లో ఏ తరగతికి ఏ అధ్యాయం వస్తుందో వెతికి మరీ తెలుసుకునేవారు కూడా, పిల్లలకు ఇంగ్లిష్ ధారాళంగా వస్తోంది కదా అని ఈ సబ్జెక్టును పెద్దగా పట్టించుకోరు. తీరా ఏడో తరగతిలో గ్రేడు తగ్గినప్పుడు, ఇంట్లో అందరికంటే చక్కగా ఇంగ్లిష్ మాట్లాడే అమ్మాయికి ఇంగ్లిష్‌లోనే మార్కులు ఎందుకు పోయాయో అర్థం కాక ఆశ్చర్యపోతారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఈ క్లాసులో ఏం నేర్పుతారో, ఆ మార్కులు ఎక్కడ పోతాయో ఈ వీడియోలో వివరిస్తాను.

అమెరికాలో దేశమంతటికీ ఒకే సిలబస్ లేదు. పిల్లలు ఏం నేర్చుకోవాలన్నది రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. ఏ పుస్తకాలతో, ఏ క్రమంలో నేర్పాలన్నది చాలావరకు స్కూల్ డిస్ట్రిక్టుల చేతిలో ఉంటుంది. 2010లో రాష్ట్రాల గవర్నర్ల సంఘం, రాష్ట్ర విద్యాశాఖాధిపతుల మండలి కలిసి, ఏ తరగతిలో పిల్లలకు ఏం రావాలో చెప్పే కామన్ కోర్ అనే ప్రమాణాలను విడుదల చేయగా నలభైకి పైగా రాష్ట్రాలు వాటిని స్వీకరించాయి. ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు వాటిని సవరించుకున్నాయి, కొన్ని పేరు మార్చుకున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, వర్జీనియా మాత్రం మొదటి నుంచీ అందులో చేరలేదు. టెక్సస్‌కు టీక్స్ అనే సొంత ప్రమాణాలున్నాయి, వర్జీనియాకు స్టాండర్డ్స్ ఆఫ్ లెర్నింగ్ ఉన్నాయి. పేర్లు వేరైనా, పిల్లలు చదివినదాని గురించి ఏం చెప్పినా దానికి ఆ పాఠంలోంచే ఆధారం చూపాలన్న నియమం అన్నిచోట్లా ఒకటే. ఈ మూడేళ్ల చదువుకు అదే వెన్నెముక అని నా అభిప్రాయం.

ఆ నియమం ఏడాదికేడాది ఎలా బిగుస్తుందో కామన్ కోర్‌లోని రీడింగ్ విభాగంలో మొదటి ప్రమాణాన్ని చూస్తే తెలుస్తుంది. ఆరో తరగతి విద్యార్థి తన విశ్లేషణకు పాఠంలోంచి ఆధారం చూపాలి. పాఠం నేరుగా చెప్పిన విషయానికే కాకుండా, పాఠం చెప్పకపోయినా తాను ఊహించి గ్రహించిన విషయానికి కూడా ఆ ఆధారం ఉండాలి. ఏడో తరగతిలో ఒక్క ఆధారం సరిపోదు, పలు ఆధారాలు కావాలి. ఎనిమిదో తరగతిలో ఆ పలు ఆధారాల్లో అన్నిటికంటే బలమైనది ఏదో తేల్చుకుని దాన్నే చూపాలి. వినడానికి చిన్న మార్పులే అనిపించినా, దొరికినదాన్ని చూపడానికీ, దొరికినవాటిని తూకం వేసి ఒకదాన్ని ఎంచడానికీ మధ్య ఉన్న దూరం పదకొండేళ్ల పిల్లలకు చాలా పెద్దది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని, బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో గొప్ప వక్తగా ఎదిగినవాడు. 1845లో వెలువడిన ఆయన ఆత్మకథను ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తగిన రచనల నమూనాల్లో ఒకటిగా కామన్ కోర్ పత్రం పేర్కొంది. బాల్టిమోర్‌లో ఆయన ఉన్న ఇంటి యజమానురాలు మొదట అక్షరాలు నేర్పింది. బానిసకు చదువు చెప్పడం చట్టవిరుద్ధమనీ, ప్రమాదమనీ భర్త అడ్డుపడేసరికి మానుకుంది. దానితో ఆ పిల్లవాడు వీధిలోని పేద తెల్లపిల్లలను గురువులుగా చేసుకున్నాడు. ఏదైనా పని మీద బయటికి పంపినప్పుడు పుస్తకం వెంట తీసుకువెళ్లేవాడు. పనిలో కొంత భాగాన్ని త్వరగా ముగించుకుని, మిగిలిన సమయంలో ఒక పాఠం చెప్పించుకునేవాడు. ఇంట్లో రొట్టెకు కొదవ లేదు కాబట్టి వెంట రొట్టె కూడా తీసుకువెళ్లి, ఆకలితో ఉన్న ఆ పిల్లలకు ఇచ్చేవాడు. బదులుగా వాళ్లు తనకు అంతకంటే విలువైన జ్ఞానమనే రొట్టెను ఇచ్చేవారని రాశాడు. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాలని ఎంతో ఉన్నా, ఈ క్రైస్తవ దేశంలో బానిసకు చదువు చెప్పడం దాదాపు క్షమించరాని నేరం గనుక వాళ్లకు ఇబ్బంది కలుగుతుందని చెప్పడం లేదని కూడా రాశాడు.

చదువు కోసం డగ్లస్ ఎంత తపించాడో నిరూపించమని ఆరో తరగతి విద్యార్థిని అడిగితే, పాఠాల కోసం రొట్టె ఇచ్చాడని చూపితే చాలు. ఏడో తరగతి విద్యార్థి రొట్టెతో పాటు, పని త్వరగా ముగించుకుని పాఠానికి సమయం మిగుల్చుకున్న సంగతిని కూడా జోడించాలి. ఎనిమిదో తరగతి విద్యార్థి ఈ రెంటిలో ఏది బలమైనదో నిర్ణయించుకోవాలి. పని త్వరగా ముగించడం శ్రద్ధను చూపుతుంది. చదువును రొట్టెకంటే విలువైన రొట్టె అనడం మాత్రం ఆ పిల్లవాడు దేనికి ఎంత విలువ కట్టాడో చూపుతుంది. అందుకే నా లెక్కలో ఆ రొట్టె మాటే బలమైన ఆధారం. అయితే ఒక విద్యార్థి పని త్వరగా ముగించడమే బలమైన ఆధారమని సరైన కారణంతో వాదిస్తే ఆ జవాబుకూ పూర్తి మార్కులు రావాలి. క్రైస్తవ దేశం అన్న మాటలోని ఎత్తిపొడుపును పట్టుకోవడం కూడా ఎనిమిదో తరగతి పనే. పైకి ఒకటి చెబుతూ లోపల మరొకటి ఉద్దేశించే మాటలను గుర్తించాలని ఆ తరగతి ప్రమాణాల్లోనే ఉంది.

ఇక మార్కులు పోయే చోటికి వద్దాం. ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: "డగ్లస్‌కు చదువంటే చాలా ఇష్టం. అతడు రొట్టె ఇచ్చి పాఠాలు నేర్చుకున్నాడు." ఇందులో వాదన ఉంది, ఆధారం ఉంది, భాషలో తప్పు లేదు. అయినా దీనికి మంచి గ్రేడు రాదు, ఎందుకంటే ఆ ఆధారం ఆ వాదనను ఎలా బలపరుస్తుందో చెప్పే వాక్యం లేదు. మరొక విద్యార్థి, "ఆకలిగొన్న పిల్లలకు రొట్టెకు మించినది లేదు. డగ్లస్ ఆ రొట్టెను వాళ్లకు ఇచ్చి, బదులుగా వచ్చిన చదువునే ఎక్కువ విలువైన రొట్టె అన్నాడు. తిండి దొరికినా స్వేచ్ఛ లేని పిల్లవాడు అక్షరాన్ని తిండికంటే పైన పెట్టాడని దీనివల్ల తెలుస్తోంది" అని రాస్తే ఆ లోటు తీరుతుంది. టీచర్లు ఈ మూడు మెట్లను క్లెయిమ్, ఎవిడెన్స్, రీజనింగ్ అంటారు. బాగా చదివే పిల్లలు కూడా ఎక్కువగా మూడో మెట్టు దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే తమకు స్పష్టంగా కనిపిస్తున్నదాన్ని మళ్లీ విడమరచి చెప్పడం అనవసరమని వాళ్లకు అనిపిస్తుంది.

వ్యాసరచనలోనూ ఇదే క్రమం. బడికి సెల్‌ఫోన్ తీసుకురావచ్చా అన్న అంశం ఇస్తే, ఆరో తరగతిలో ఒక పక్షం తీసుకుని కారణాలతో, ఆధారాలతో వాదించాలి. ఏడో తరగతిలో ఎదుటి పక్షం ఏమంటుందో కూడా గుర్తించి రాయాలి. ఎనిమిదో తరగతిలో తన వాదన ఎదుటివారి వాదన నుంచి ఎక్కడ వేరుపడుతుందో స్పష్టం చేయాలి. మన తరం హైస్కూల్లో రాసిన వ్యాసాలు చాలావరకు లాభాలు, నష్టాలు, ముగింపు అనే అచ్చులో ఉండేవి; రెండు వైపులా సమానంగా రాసి, మంచిని తీసుకుని చెడును వదిలేయాలని ముగించేవాళ్లం. పిల్లలకు వ్యాసంలో సాయం చేసే తల్లిదండ్రులు తెలియకుండానే ఆ అచ్చునే నేర్పుతారు. ఇక్కడి వాదన వ్యాసంలో ఏ పక్షమూ తీసుకోకపోవడమే పెద్ద లోపంగా లెక్కకు వస్తుంది.

వాదనతో పాటు వివరణ వ్యాసాలు, కథనాలు కూడా రాయిస్తారు. చిన్న పరిశోధన చేసి, సమాచారం ఎక్కడిదో చెప్పి, ఇతరుల మాటలను తమవిగా చూపకుండా రాయడం నేర్పుతారు. ఒకే వ్యాసాన్ని రెండు మూడు సార్లు తిరగరాయించడం ఈ క్లాసులో నాకు బాగా నచ్చిన పద్ధతి. మొదటి ప్రతి మీద టీచరు, తోటి విద్యార్థులు వ్యాఖ్యలు రాస్తారు. వాటిని చూసి అక్కడక్కడ అక్షరదోషాలు దిద్దితే సరిపోదు, అవసరమైతే పేరాలనే మార్చి రాయాలి.

గ్రామరు గురించి క్లుప్తంగా చెబుతాను. ఆరో తరగతిలో సర్వనామాల సరైన వాడుక, ఏడులో పదబంధాలు, ఉపవాక్యాలు, వాక్యంలో తప్పు చోట పడిన విశేషణాలు, ఎనిమిదిలో క్రియ నుంచి పుట్టిన నామవాచక, విశేషణ రూపాలు, కర్తరి, కర్మణి వాక్యాలు వస్తాయి. ఇందులో మన పిల్లలకు ఇబ్బంది తక్కువ. కొత్త పదాల జాబితాలు బట్టీ పట్టడం కంటే గ్రీకు, లాటిన్ ధాతువుల నుంచి అర్థం ఊహించడానికి ప్రాధాన్యం ఇస్తారు. ఆడియన్స్, ఆడిటరీ, ఆడిబుల్ అనే మూడు మాటల్లోనూ వినడం అనే ధాతువు ఉందని ఆరో తరగతి ప్రమాణం ఉదాహరణగా చూపుతుంది. ప్రవాస భారతీయ కుటుంబాలకు ఇష్టమైన స్పెల్లింగ్ బీకి సిద్ధమయ్యే పిల్లలకు ఇది తెలిసిన విద్యే. 1985లో భారతీయ మూలాలున్న విద్యార్థి తొలిసారి జాతీయ స్థాయి స్పెల్లింగ్ బీ గెలిచిన తరువాత, మన పిల్లలు ఆ పోటీలో చూపిన ప్రతిభ నిజంగా గర్వకారణం. కానీ ఈఎల్ఏ గ్రేడును నిర్ణయించేవాటిలో స్పెల్లింగ్ వాటా చాలా చిన్నది. ఆ పోటీకి పెట్టే శ్రమలో నాలుగో వంతైనా ఆధారంతో వాదించడం మీద పెట్టాలని నేను కోరుకుంటాను.

మాట్లాడటం, వినడం కూడా ఈ సబ్జెక్టులో భాగమే. సోక్రటిక్ సెమినార్ పేరుతో పిల్లలు వలయంగా కూర్చుని ఒక పాఠాన్ని చర్చిస్తారు. ఒకరి మాటను అందుకుని ఇంకొకరు పొడిగించాలి, లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పాలి. మాట్లాడుతున్నవారు విషయానికి సంబంధం లేని ఆధారాన్ని తెచ్చినప్పుడు దాన్ని గుర్తించాలని ఎనిమిదో తరగతి ప్రమాణం అడుగుతుంది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్లలు ఈ చర్చల్లో మౌనంగా ఉండిపోవడం సహజం. వాళ్లకు విషయం తెలియదని దాని అర్థం కాదు, అయినా మార్కులు మాత్రం పోతాయి. మర్యాద తప్పకుండా విభేదించడం ఇంట్లోనే అలవాటు కావాలి. చూసిన సినిమా గురించి, నాయకుడు చేసినది తప్పని పిల్లలు అంటే, ఏ సన్నివేశం చూసి అలా అనిపించిందో అడగండి. చెప్పాక, ఆ సన్నివేశాన్ని వేరేలా అర్థం చేసుకోవచ్చా అని కూడా అడగండి. ఈ సంభాషణ హాయిగా తెలుగులోనే సాగవచ్చు.

చదివే పుస్తకాల విషయంలో నాకు ఒక బాధ ఉంది. ఎనిమిదో తరగతి నాటికి పిల్లలు చదివేదాంట్లో 45 శాతం సాహిత్యం, 55 శాతం సమాచార రచనలు ఉండాలని, జాతీయ పరీక్షా ప్రణాళికను అనుసరించి కామన్ కోర్ సూచించింది. ఆ లెక్క సైన్సు, సోషల్ స్టడీస్‌తో సహా అన్ని సబ్జెక్టుల్లో చదివేదాన్ని కలిపి చెప్పినదని ఆ పత్రంలోనే స్పష్టంగా ఉంది. అయినా కొన్నిచోట్ల దాన్ని ఇంగ్లిష్ క్లాసుకే వర్తింపజేసి, పూర్తి నవలలు తగ్గించి, పరీక్షకు పనికివచ్చే భాగాలతో సరిపెట్టారు. ఒక పాత్ర మూడు వందల పేజీల్లో ఎలా మారిందో రెండు పేజీల్లో ఏ టీచరూ చూపలేరు. నేషన్స్ రిపోర్ట్ కార్డ్ అనే జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి రీడింగ్ సగటు స్కోరు 500కు 2019లో 263, 2022లో 260, 2024లో 258. ఈ పతనానికి కారణాలు అనేకం ఉండవచ్చు. ఏదేమైనా, స్కూల్లో పూర్తి పుస్తకాలు చదివించకపోతే ఇంట్లోనైనా చదివించండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి నేరుగా ఆరో తరగతికో ఏడో తరగతికో వచ్చి చేరే పిల్లల గురించి చెప్పాలి. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏమిటని ఒక ఫారం అడుగుతుంది. తెలుగు అని రాస్తే పిల్లలను తక్కువ క్లాసులో వేస్తారేమోనని కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే జరిగేది ఇంగ్లిష్ స్థాయిని కొలిచే ఒక పరీక్ష మాత్రమే; సాయం అవసరమైన పిల్లలకు తమ తరగతిలోనే ఉంటూ అదనపు ఇంగ్లిష్ బోధన పొందే హక్కు ఉంటుంది. ఆ సేవలు వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది, కానీ అలా చెప్పినా స్థాయి సరిపడా వచ్చేదాకా ఏటా జరిగే పరీక్ష తప్పదు. చాలా రాష్ట్రాల్లో అది వైడా పరీక్ష, టెక్సస్‌లో టెల్పాస్. ఆ పిల్లలకు వ్యాకరణం రాకపోవడం కంటే, గైడులో లేని ప్రశ్నకు సొంతంగా జవాబు రాయవలసి రావడమే కష్టంగా ఉంటుంది. కాబట్టి పేరెంట్ టీచర్ సమావేశానికి వెళ్లినప్పుడు గ్రేడు ఎంత అని మాత్రమే అడగకుండా, దిద్దిన వ్యాసాన్నీ, దానికి వాడిన రూబ్రిక్‌నూ, అంటే ఏ అంశానికి ఎన్ని పాయింట్లో చూపే పట్టికనూ, చూపమని అడగండి. ఆ రూబ్రిక్‌లో ఆధారం, వివరణ అనే వరుసల్లో ఎన్ని పాయింట్లు వచ్చాయో మొదట చూడండి.